రోయింగ్ మెషిన్ మీద వేగం చెదరకుండా పాటతో లయ పట్టడం ఎలా?

శ్రీకాకుళంలో జిమ్‌కి వెళ్ళేవాళ్ళూ, విజయనగరంలో ఇంట్లోనే రోయింగ్ మెషిన్ (కూర్చుని, పడవ తెడ్డు వేసినట్టు హ్యాండిల్ లాగే మెషిన్) పెట్టుకున్నవాళ్ళూ తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఒకటుంది. "పాట పెడితే హుషారొస్తోంది మాస్టారూ, కానీ ఐదో నిమిషానికే ఆయాసం. పాట తీసేస్తే విసుగు. ఏం చేయమంటారు?"

హుషారు పాట వెతకడం మానేసి, లెక్కకు సరిపోయే పాట వెతకండి. ఎలా వెతకాలో, దొరికాక ఎలా వాడాలో కింద వరసగా ఉంది. వరస మార్చొద్దు. నాలుగో మెట్టుతో మొదలుపెట్టినవాళ్ళంతా మళ్ళీ ఒకటో మెట్టుకే రావాల్సి వస్తుంది.

ముందుగా రెండు అంకెలు తెలియాలి. మీటర్ మీద కనిపించే స్ట్రోక్ రేటు అంటే నిమిషానికి మీరు ఎన్నిసార్లు లాగుతున్నారో ఆ లెక్క. స్ప్లిట్ అంటే ఇదే జోరుతో 500 మీటర్లు వెళ్ళడానికి పట్టే సమయం. పాట పట్టి ఉంచగలిగేది స్ట్రోక్ రేటును మాత్రమే. స్ప్లిట్ నిలబడాలంటే ప్రతి స్ట్రోక్‌లోనూ కాళ్ళు ఒకే బలంతో తన్నాలి. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం ఇబ్బందులు.

గుండె జబ్బు, బీపీ, నడుం నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే మెషిన్ ఎక్కండి.

1. పాట ముట్టుకునే ముందు మెషిన్ సర్దండి

గాలితో పనిచేసే మెషిన్ అయితే ఫ్యాన్ పక్కన డ్యాంపర్ లివర్ ఉంటుంది. కాన్సెప్ట్ టూ కంపెనీ మెషిన్ల మీద 1 నుంచి 10 దాకా గుర్తులుంటాయి. 3కీ 5కీ మధ్య ఉంచండి.

మన వైపు బరువులెత్తే గాలి ఎక్కువ. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. విజయనగరం పక్కన కొండవెలగాడ పేరెత్తితే బార్‌బెల్లే గుర్తొస్తుంది. ఆ అలవాటుతో రోయింగ్ మెషిన్ ఎక్కగానే లివర్‌ని 10కి నెట్టేస్తారు. లివర్ పైకి వెళ్ళేకొద్దీ ఫ్యాన్‌లోకి గాలి ఎక్కువ వెళ్తుంది, రెండు స్ట్రోక్‌ల మధ్య ఫ్యాన్ తొందరగా మందగిస్తుంది. మళ్ళీ మళ్ళీ మొదట్నుంచి లేపాలి. నడుం పట్టేస్తుంది, లయ అసలే కుదరదు.

ఎక్కే ముందు చూసుకోవాల్సినవి:

- పాదాల పట్టీ వేళ్ళ మొదట్లో, పాదం వెడల్పుగా ఉండే చోట బిగిసిందా?
- సీటు జారే పట్టాను పొడి గుడ్డతో తుడిచారా? చెమట, దుమ్ము పేరుకుంటే సీటు గతుకులు పడుతూ వస్తుంది, లెక్క అక్కడే తప్పుతుంది.
- మీటర్ మీద స్ట్రోక్ రేటు, స్ప్లిట్ రెండూ కనిపిస్తున్నాయా? చవక మెషిన్లలో స్ప్లిట్ ఉండకపోవచ్చు. అప్పుడు రేటునీ, నిర్ణీత సమయంలో వచ్చిన దూరాన్నీ చూసుకోండి.

2. లాగే వరస ఒంటబట్టాలి

వెనక్కి వెళ్ళేటప్పుడు ముందు కాళ్ళు, తర్వాత నడుం, చివర చేతులు. ముందుకు వచ్చేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుం, చివర కాళ్ళు.

నూతిలో బొక్కెన చేదినట్టు చేతులతో మొదలుపెడితే పాట ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు. పది స్ట్రోక్‌లకే ముంజేతులు పట్టేస్తాయి.

లాగడం చురుగ్గా, తిరిగి రావడం నిదానంగా ఉండాలి. లాగడానికి ఒక పాలు సమయం పడితే రావడానికి రెండు పాళ్ళు. ఈ ఒకటికి రెండు అన్న లెక్క గుర్తుంచుకోండి, ఐదో మెట్టు మొత్తం దీని మీదే ఉంది.

3. పాట లేకుండా మీ అంకెలు రాసుకోండి

ఒక రోజు ఏ పాటా లేకుండా 10 నిమిషాలు చేయండి. రేటు 20 దగ్గర ఉంచండి. పక్కనున్నవాళ్ళతో ఒక పూర్తి వాక్యం తడబడకుండా చెప్పగలిగేంత జోరు చాలు. చివరి ఐదు నిమిషాల సగటు స్ప్లిట్ రాసుకోండి. కొన్నాళ్ళ పాటు అదే మీ వేగం.

మీకు 2:30 వచ్చిందనుకుందాం. రేటు 20 కాబట్టి రెండున్నర నిమిషాల్లో 50 స్ట్రోక్‌లు. అంటే ఒక్కో స్ట్రోక్‌కి 10 మీటర్లు. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మీటర్ పక్కన అంటించుకోండి. రేటు 20 ఉండి స్ప్లిట్ 2:38కి జారితే పాట తప్పు కాదని, కాళ్ళు బద్ధకించాయని వెంటనే తెలిసిపోతుంది.

స్ప్లిట్ నాలుగు సెకన్లు మారితే ఏమవుతుందిలే అనుకోకండి. వేగం కాస్త పెంచాలన్నా పవర్ చాలా పెరగాలి, ఎందుకంటే పవర్ వేగానికి ఘనం చొప్పున పెరుగుతుంది. కాన్సెప్ట్ టూ లెక్క ప్రకారం 2:30కి సుమారు 104 వాట్లు, 2:15కి సుమారు 142 వాట్లు. చూడ్డానికి పదిహేను సెకన్లు, ఒంటికి మూడో వంతుకు మించిన అదనపు బరువు. పాట ఊపులో జనం దెబ్బతినేది ఇక్కడే.

4. పాట లెక్క కట్టండి

పాట పెట్టి, తొడ మీద దరువు వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వచ్చినదే నిమిషానికి దెబ్బల సంఖ్య, బీపీఎం. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ (సమానంగా టిక్కులు కొట్టేది) ఉంటే తెర మీద వేలితో తట్టినా చెప్పేస్తుంది.

పాట బీపీఎంని మీకు కావలసిన స్ట్రోక్ రేటుతో భాగించండి. వచ్చినది ఒక స్ట్రోక్‌కి ఎన్ని దెబ్బలో చెబుతుంది. 3, 4, 6 వస్తే ఆ పాట పనికొస్తుంది. 5 వస్తే వదిలేయండి. ఐదు లెక్కన నడిచే ఖండగతిలో లెక్క తప్పకుండా లాగడం బాగా తాళజ్ఞానం ఉన్నవాళ్ళకే చెల్లుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన పట్టీ:

- రేటు 18: స్ట్రోక్‌కి 3 దెబ్బలైతే 54, 4 అయితే 72, 6 అయితే 108
- రేటు 20: 60, 80, 120
- రేటు 22: 66, 88, 132
- రేటు 24: 72, 96, 144

72 రెండు చోట్ల ఉంది చూడండి. అదే పాటకి నాలుగు దెబ్బలకోసారి లాగితే రేటు 18, మూడు దెబ్బలకోసారి లాగితే 24. అందుకే స్ట్రోక్‌కి ఎన్ని దెబ్బలో ముందే తేల్చుకుని కూర్చోవాలి.

యాప్‌లు ఒక్కోసారి 80ని 160గా, 120ని 60గా చూపిస్తాయి. మీ చేతి దరువుతో సరిచూసుకోండి.

పాట 84 ఉండి మీకు 80 కావాలా? చాలా ప్లేయర్లలో ప్లేబ్యాక్ స్పీడ్ మార్చుకోవచ్చు. 0.95 పెడితే 84 కాస్తా 80 అవుతుంది. గొంతు కొంచెం బరువుగా అనిపించవచ్చు, చెమట పట్టాక అదేం తెలియదు.

5. రూపక తాళంలో కూర్చోండి

నా మటుకు నాకు ఈ పనికి ఆరు లెక్కను మించింది లేదు. కారణం కర్ణాటక సంగీతంలోని రూపక తాళం.

చతురశ్ర జాతి రూపకంలో ఒక ద్రుతం, ఒక లఘువు. ద్రుతానికి రెండు అక్షరాలు: దెబ్బ, విసురు. లఘువుకి నాలుగు: దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. రెండూ నాలుగూ కలిపి ఆరు. ద్రుతంలో లాగి లఘువులో వస్తే ఒకటికి రెండు అన్న మన లెక్క దానంతటదే కుదిరిపోతుంది. కచేరీల్లో చాలామంది రూపకాన్ని రెండు దెబ్బలు, ఒక విసురుగా మూడుకి కుదించి వేస్తారు. అదీ పనికొస్తుంది: మొదటి దెబ్బకి లాగడం, మిగతా రెంటికీ రావడం.

హ్యాండిల్ పట్టుకున్నాక చేత్తో తాళం వేయలేం కాబట్టి మనసులోనో, పెదవి మీదో లెక్క నడవాలి. 120 బీపీఎం పాటకి, రేటు 20 మీద, ఒక స్ట్రోక్ ఇలా సాగుతుంది:

- 1: కాళ్ళు తన్నాలి. చేతులు చాచే ఉండాలి.
- 2: నడుం కాస్త వెనక్కి వాలుతుంది, హ్యాండిల్ పక్కటెముకల కిందికి వస్తుంది.
- 3: చేతులు మోకాళ్ళు దాటి ముందుకు వెళ్ళిపోవాలి.
- 4: నడుం ముందుకు వంగాలి. మోకాళ్ళు ఇంకా లేవకూడదు.
- 5: అప్పుడు మోకాళ్ళు లేస్తాయి, సీటు కదులుతుంది.
- 6: సీటు నిదానంగా వచ్చి ఆగే చోటు. మోకాళ్ళ కింది భాగం నిట్టనిలువుగా ఉండాలి.

ఐదూ ఆరూ మధ్య ఏం జరుగుతుందో గమనించండి. కొత్తవాళ్ళ సీటు ఐదు అనేసరికే ముందుకొచ్చి దబ్బున కొట్టుకుంటుంది. ఆరో దెబ్బకి చేయడానికేమీ ఉండదు. ఆ ఖాళీలో ఉండబట్టలేక లాగేస్తారు. రేటు 20 నుంచి 23కి ఎగబాకేది ఆ ఒక్క దెబ్బలోనే. ఆరు పూర్తిగా వినబడ్డాకే కాళ్ళు తన్నడం అలవాటు చేసుకోండి.

నాలుగు లెక్క పాటలకి "తకధిమి" అనుకోండి. "త" మీద తన్ని, "క" మొదలయ్యేసరికి లాగడం ముగించి, మిగతాదంతా రావడానికి వాడండి. 18, 20 రేట్లకి ఇది బాగుంటుంది. 24 దగ్గర లాగడానికి సమయం చాలక తొందర పుడుతుంది, అక్కడ మళ్ళీ ఆరుకే రండి. మూడు లెక్క పాటలకి "తకిట".

విజయనగరంలో సంగీత కళాశాల ఉంది కాబట్టి తాళం వేయడం వచ్చినవాళ్ళు దొరకడం కష్టమేమీ కాదు. తెలిసినవాళ్ళుంటే ఓ అరగంట కూర్చుని రూపకం వేయించుకోండి. ట్రైనర్ వారం రోజులు చెప్పేదానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

6. పాటల జాబితా కట్టుకోండి

కావలసింది దరువు స్పష్టంగా వినబడుతూ, మొదట్నుంచి చివరిదాకా ఒకే కాలంలో నడిచే పాట. కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ చేసిన దరువున్న పాటల్లో కాలం కదలదు. వాద్యబృందమంతా ఒకేసారి వాయించిన పాత రికార్డింగుల్లో కాలం కొద్దిగా ఊగుతుంది. వినడానికి అదే అందం, ఇక్కడ మాత్రం ఇబ్బంది.

పక్కన పెట్టాల్సినవి:

- మధ్యలో దరువు ఆగిపోయి ఆలాపన వచ్చే పాటలు
- పల్లవి ఒక నడకలో, చరణం మరో నడకలో ఉండేవి
- కచేరీ రికార్డింగుల్లో తని ఆవర్తనం (మృదంగం విడిగా వాయించే భాగం). మృదంగం వాయించేవారు గతి మార్చారంటే మీ లెక్క గల్లంతే.
- తప్పెటగుళ్ళు. నిదానంగా ఎత్తుకుని జోరు పెంచుకుంటూ పోయే వాద్యం అది. మన జిల్లాల వాళ్ళకి ఆ దరువు వినబడితే ఒళ్ళు ఊరుకోదు. స్థిరమైన వేగానికి అదే అడ్డు. చివరి నిమిషం పరుగుకి మాత్రం దాన్ని మించింది లేదు, విడిగా దాచుకోండి.

మొదటి జాబితా 25 నిమిషాలకు చాలు. 108 పాటలు 5 నిమిషాలు, 120 పాటలు 15 నిమిషాలు, మళ్ళీ 108 పాటలు 5 నిమిషాలు. అన్నీ ఆరు లెక్కే. 120లో మూడు నాలుగు పాటలు దొరికితే అవే తిప్పి తిప్పి వాడండి. కొత్త పాట వస్తే చెవి మాటల మీదకి పోతుంది, బాగా నలిగిన పాటైతే దరువు మీదే ఉంటుంది.

పాటలు ఫోన్‌లోకి దింపుకోండి. ఉచిత యాప్‌లో మధ్యలో ప్రకటన వచ్చిందంటే లయ పోయినట్టే. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్లూటూత్ మాత్రం ఆన్ చేసుకోండి, లేకపోతే చరణం మధ్యలో ఏ లోన్ కాలో వస్తుంది.

వైరున్న ఇయర్‌ఫోన్ హ్యాండిల్‌కి తగులుకుంటుంది. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుందని కొందరి టెన్షన్. ఆ ఆలస్యం ప్రతి దెబ్బకీ ఒకేలా ఉంటుంది కాబట్టి లయకి ఇబ్బంది లేదు. ఇంట్లో అయితే చిన్న స్పీకర్‌ని ఫ్యాన్‌కి దూరంగా, మీ పక్కన నేల మీద పెట్టుకోవడం మేలు. ఫ్యాన్ రొదని దాటాలని ఇయర్‌ఫోన్ సౌండ్ పెంచుకుంటూ పోతే చెవులకి మంచిది కాదు.

7. మొదటి 25 నిమిషాలు

1. 0–5 నిమిషాలు: 108 పాట, రేటు 18. మొదటి నిమిషం లాగకుండా పాట మాత్రమే వినండి, ఆరు లెక్క పెదవి మీద నడవనివ్వండి. తర్వాత హ్యాండిల్ అందుకోండి. స్ప్లిట్ చూడొద్దు.
2. 5–10 నిమిషాలు: 120 పాట, రేటు 20. మీటర్ మీద రేటు 19, 20, 21 మధ్య ఆడుతుంది. అది మామూలే, అంకె వెంట పడొద్దు.
3. 10–20 నిమిషాలు: ఇప్పుడు స్ప్లిట్ చూడండి, అదీ పాట మారినప్పుడు ఒక్కసారి. మీరు రాసుకున్న అంకెకి రెండు సెకన్లు అటూ ఇటూ ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.
4. 20–25 నిమిషాలు: 108 పాట, రేటు 18, బలం తగ్గించి.

దిగాక ఐదేసి నిమిషాలకి సగటు స్ప్లిట్ ఎంతో మీటర్‌లో చూసి రాసుకోండి. మూడో ఐదు నిమిషాల భాగం (10–15) రెండో భాగం (5–10) కన్నా వేగంగా ఉంటే మీరు ఊపులో పడ్డారు. నాలుగో భాగం (15–20) మూడోదానికన్నా బాగా వెనకబడితే మొదట్లోనే ఎక్కువ ఖర్చుపెట్టేశారు.

8. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

చరణం దగ్గర వేగం పెరిగిపోతోంది. అందరికీ జరిగేదే. పల్లవి అయిపోయి డప్పులు మోగగానే 20 ఉన్న రేటు 21, 23 అవుతుంది. స్ప్లిట్ 2:30 నుంచి 2:18కి దిగుతుంది. బాగుందనిపిస్తుంది. చరణం పూర్తయ్యేసరికి నోటితో ఊపిరి, తర్వాతి పల్లవికి 2:40. కాళ్ళ బలం తగ్గించి సరిచేయాలని చూడకండి. మూడు, నాలుగు లెక్కల మీద ఆగండి: చేతులు వెళ్ళాక, నడుం వంగాక మాత్రమే మోకాలు లేవాలి. నాలుగు స్ట్రోక్‌ల్లో రేటు దిగుతుంది.

రేటు సరిగ్గానే ఉంది, స్ప్లిట్ జారుతోంది. దరువుకి తగ్గట్టు ఊగుతున్నారే తప్ప తన్నడం లేదు. ఒకటో దెబ్బకి మడమలతో పలకను గట్టిగా నెట్టండి. పది స్ట్రోక్‌లు ఒకటో దెబ్బను మాత్రమే పైకి అనండి.

పాట మారినప్పుడు లెక్క పోతోంది. రెండు పాటల మధ్య ఖాళీలో లాగడం ఆపకండి, పాత లెక్కనే పైకి అంటూ సాగండి. కొత్త పాటలో మొదటి నాలుగు ఆవృత్తాలు (ఆరేసి దెబ్బల చుట్లు) వినండి, ఆ తర్వాత ఒక్కసారి తిరిగొచ్చే వేగాన్ని సర్దుకుని ఒకటో దెబ్బలోకి కలవండి. స్ట్రోక్ మధ్యలో సర్దుకోబోతే నడుం కుదుపుకి లోనవుతుంది.

జిమ్‌లో వాళ్ళ పాట హోరు. దానితో పోటీ పడొద్దు. మెట్రోనోమ్ యాప్‌ని నిమిషానికి 20 టిక్కుల మీద పెట్టి ఒక్క చెవిలో వినండి. మరీ అంత తక్కువకి అది దిగకపోతే 60 పెట్టి మూడింటికోసారి లాగండి. విసుగే, కానీ కచ్చితం.

ఆయాసం తగ్గడం లేదు. రేటు మీద నెపం పెట్టే ముందు ఊపిరి చూసుకోండి. ఈ రేట్ల దగ్గర లాగేటప్పుడు వదలడం, వచ్చేటప్పుడు పీల్చడం చాలామందికి సరిపోతుంది. ద్రుతంలో వదలండి, లఘువులో పీల్చండి.

9. ఉక్కపోత రోజుల్లో

ఏప్రిల్, మే నెలల్లో మన తీరం ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. అదే వేగానికి గుండె మామూలుకన్నా ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రోజుల్లో పాట మార్చకండి, రేటు 20 అలాగే ఉంచండి, స్ప్లిట్‌ని ఐదారు సెకన్లు పెరగనివ్వండి. వాక్యం తడబడకుండా చెప్పగలుగుతున్నారా లేదా అన్నదే కొలత.

- వీలైతే తెల్లవారుజామున చేయండి.
- హ్యాండిల్ జారకుండా తువ్వాలు అందుబాటులో ఉంచుకోండి.
- మధ్యలో గుక్కెడు నీళ్ళు. దిగాక ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ.
- తల తిరిగినా, చలి పుట్టినట్టు అనిపించినా పాట ఎక్కడుందో చూడకుండా దిగిపోండి.

కరెంటు పోతే ట్రెడ్‌మిల్ ఆగుతుంది కానీ బ్యాటరీ మీటరున్న రోయింగ్ మెషిన్ ఆగదు. గదిలో ఫ్యాన్ మాత్రం ఆగుతుంది, కాబట్టి కిటికీలు ముందే తెరిచి ఉంచండి.

10. వేగం నిలబడ్డాక

120 పాటలు నడిచే మూడు భాగాల స్ప్లిట్‌లు రెండు సెకన్ల తేడాలో వస్తున్నాయంటే ముందుకు వెళ్ళొచ్చు. మూడేసి నిమిషాల చొప్పున 18, 20, 22, 20, 18 రేట్లు చేయండి. పాటలు వరసగా 108, 120, 132, 120, 108. స్ప్లిట్ మాత్రం మొత్తం 2:30 దగ్గరే ఉండాలి. అంటే 500 మీటర్లకి రేటు 18లో 45 స్ట్రోక్‌లు, 22లో 55. రేటు పెరిగినప్పుడు ఒక్కో స్ట్రోక్‌కి బలం తగ్గించాలి, తగ్గినప్పుడు పెంచాలి. పాట వేరు, బలం వేరు అన్న సంగతి చదివితే ఒంటబట్టదు, ఈ పదిహేను నిమిషాల్లో ఒంటబడుతుంది.

తర్వాత ఒక పాట విని, ఒక పాట అంతసేపు సౌండ్ తీసేసి లాగండి. నిశ్శబ్దంలో రేటు ఎటు జరుగుతుందో గమనించండి. పైకి పోయేవాళ్ళు ఆరో దెబ్బ దగ్గర తొందరపడుతున్నారు, కిందికి జారేవాళ్ళు మూడో దెబ్బకి చేతులు పంపడం ఆలస్యం చేస్తున్నారు. ఏది మీదో దాని మీదే మరుసటి రోజు మొదటి ఐదు నిమిషాలు పెట్టండి, 108 పాటతో.